బేబీ జేన్ చూశాను, ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను (స్పాయిలర్లు ఉన్నాయి)

సన్నజాజి · శనివారం, రాత్రి 11:42

ఇప్పుడే 'వాట్ ఎవర్ హాపెన్డ్ టు బేబీ జేన్?' చూడటం అయింది. 1962 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, రెండుంపావు గంటలు. మా ఆయన నలభై నిమిషాలకే గుర్రు పెట్టారు. నేను మాత్రం హాల్లో లైట్లన్నీ వేసుకుని కూర్చున్నాను.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. జేన్, బ్లాంచ్ తోబుట్టువులు. 1917లో జేన్ చిన్నపిల్ల. స్టేజీ ఎక్కి ఆడి పాడి ఇల్లంతటినీ పోషిస్తుంటుంది. హాలు బయట ఆ పిల్ల రూపంలో చేసిన బొమ్మలు కూడా అమ్ముతుంటారు. బ్లాంచ్ తెర పక్కన నిలబడి చూస్తుంటుంది. 1935కి అంతా తారుమారు. బ్లాంచ్ హాలీవుడ్‌లో పెద్ద హీరోయిన్. జేన్‌కి నటన అంతంతమాత్రం, పైగా తాగుడు. ఒక రాత్రి వాళ్ళ ఇంటి గేటు దగ్గర కారు ప్రమాదం జరుగుతుంది. బ్లాంచ్ వెన్ను విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైపోతుంది. కారుతో గుద్దింది జేనే అని లోకమంతా అనుకుంటుంది. జేన్ కూడా అదే అనుకుంటుంది. ఆ తర్వాత ముసలితనం. అదే ఇల్లు. మేడ మీద గదిలో బ్లాంచ్, కింద జేన్. మిగతా సినిమా అంతా పైనున్న మనిషిని కిందున్న మనిషి ఎలా పీక్కుతిందో చూడటమే.

నన్ను పట్టుకున్నది చివర్లో సముద్రపు ఒడ్డు సీను. చావుకి దగ్గరగా ఉన్న బ్లాంచ్ ఇసుకలో పడుకుని అసలు సంగతి చెప్తుంది. ఆ రాత్రి కారు నడిపింది తనే. గేటు తీయడానికి దిగిన జేన్‌ని గుద్దేద్దామనుకుంది. జేన్ తప్పుకుంది, కారు గేటుకి కొట్టుకుంది, తన నడుమే విరిగింది. తాగిన మత్తులో ఉన్న జేన్‌కి ఏమీ గుర్తులేదు కాబట్టి నింద ఆమె మీదకి వెళ్ళిపోయింది. అది విని జేన్ అరవదు, కొట్టదు. "అయితే ఇన్నేళ్ళూ మనం స్నేహంగా ఉండొచ్చన్నమాట?" అని అడుగుతుంది. అంతే.

అప్పటిదాకా జేన్‌ని తిట్టుకుంటూ చూశాను. ఆ మాట విన్నాక ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. మీకెలా అనిపించింది?

నైట్‌షో నాగు · శనివారం, రాత్రి 11:58

అక్కా, ఇందులో డౌటేముంది. అసలు విలన్ బ్లాంచే. ముసుగేసుకున్న విలన్. జేన్ చేసినవి కంటికి కనిపిస్తాయి కాబట్టి మనకి ఆమె మీద కోపం. ఒక మనిషిని "నువ్వే నా కాళ్ళు తీశావు" అని పాతికేళ్ళు నమ్మించి వంట చేయించుకోవడం కంటే పెద్ద క్రూరత్వం ఉందా?

మంగతాయారు · ఆదివారం, ఉదయం 6:15

ఉంది బాబూ. ఆకలితో ఉన్న మనిషికి పళ్ళెంలో ఎలుకను పెట్టి, మీద మూత పెట్టి తీసుకెళ్ళడం.

నైట్‌షో నాగు · ఆదివారం, ఉదయం 9:30

😂 ఆంటీ ఒక్క ముక్కలో తేల్చేశారు. కానీ నా పాయింట్ అది కాదండీ...

పాతరీలు · ఆదివారం, ఉదయం 10:04

మంచి చర్చ మొదలెట్టారు సన్నజాజి గారూ. ముందు కాస్త నేపథ్యం చెప్తాను, తర్వాత మీ తగువులోకి వస్తాను.

దర్శకుడు రాబర్ట్ ఆల్డ్రిచ్. మూలం హెన్రీ ఫారెల్ 1960లో రాసిన నవల, స్క్రీన్‌ప్లే లూకస్ హెల్లర్. జేన్‌గా బెట్టీ డేవిస్, బ్లాంచ్‌గా జోన్ క్రాఫర్డ్. ఇద్దరూ 1930, 40ల్లో మహారాణులు. డేవిస్‌కి అప్పటికే రెండు ఆస్కార్లున్నాయి. క్రాఫర్డ్‌కి 'మిల్‌డ్రెడ్ పియర్స్'కి ఒకటి వచ్చింది. 1962 నాటికి ఇద్దరూ యాభై దాటారు, ఇద్దరికీ వేషాలు తగ్గాయి. ఈ సినిమా దాదాపు పది లక్షల డాలర్లలో తీసేశారు. పెద్ద తారలున్న సినిమాకి అప్పట్లో కూడా అది చిన్న లెక్కే. విడుదలయ్యాక డబ్బుల వాన కురిసింది.

ఆల్డ్రిచ్ చేసిన తమాషా పని ఒకటి చెప్తాను. 1935 భాగంలో స్టూడియో పెద్దలు ప్రొజెక్షన్ రూములో కూర్చుని జేన్ నటన చూసి తల పట్టుకుంటారు గుర్తుందా? తెర మీద ఆడే ఆ ముక్కలు ఈ సినిమా కోసం తీసినవి కావు. 1933లో డేవిస్ నిజంగా నటించిన 'పారాచూట్ జంపర్', 'ఎక్స్ లేడీ' సినిమాల్లోవి. తన పాత సినిమాలనే చెత్త నటనకి ఉదాహరణగా చూపించడానికి ఆవిడ ఒప్పుకుంది! తర్వాత బ్లాంచ్ టీవీలో తన పాత సినిమా చూసుకుని మురిసిపోతుందే, అది కూడా క్రాఫర్డ్ నిజంగా నటించిన 'సేడీ మెకీ' (1934). అంటే తెర మీద ఒకామెకి అవమానం, ఇంకొకామెకి పూలదండ. రెండూ అసలు సరుకే.

మేకప్ కూడా డేవిస్ సొంతంగా వేసుకున్నదే. జేన్ లాంటి మనిషి ముఖం కడుక్కోదు, నిన్నటి పౌడరు మీదే ఇవాళ్టిది అద్దుతుంది అని ఆవిడ లెక్క. అందుకే ఆ ముఖం సున్నం కొట్టిన పాత గోడలా ఉంటుంది. ఒక్క ముఖంలో ఎన్ని పొరలో.

సన్నజాజి · ఆదివారం, ఉదయం 10:20

సున్నం గోడ 👌 నేను బూడిద గుమ్మడికాయ అనుకున్నాను.

ఎల్ఏ సుబ్బు · ఆదివారం, ఉదయం 10:51

ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో ఇంకా శనివారం రాత్రే. ఆ ఇల్లు హాన్‌కాక్ పార్క్‌లో ఉంది, ఒకసారి ఫ్రెండ్‌తో కారులో అటుగా వెళ్ళాను. సినిమాలో దెయ్యాల కొంపలా ఉంటుంది కదా, బయట చూస్తే చక్కగా చెట్లు, లాను, మామూలు డబ్బున్నవాళ్ళ వీధి. పక్కిల్లు కూడా బాగా దగ్గర. సినిమాలో నాకు భయం వేసింది అందుకే అనిపించింది. పక్కింటామె పూలు తెస్తుంది, గుమ్మం దాకా వస్తుంది, పైన మనిషి ఆకలితో మాడుతున్న సంగతి మాత్రం తెలియదు. బ్లాంచ్ కాగితం మీద రాసి కిటికీలోంచి కిందకి విసురుతుంది, అది కాస్తా జేన్ చేతికే చిక్కుతుంది. ఆ సీనులో నేను సోఫా చెయ్యి పీకేశాను.

ఇంకోటి. ఆ పక్కింటామె కూతురిగా వేసింది బెట్టీ డేవిస్ సొంత కూతురే. పెద్దయ్యాక తల్లిని తిడుతూ పుస్తకం రాసింది. క్రాఫర్డ్ కూతురు కూడా తల్లిని తిడుతూ ఇంకో పుస్తకం. ఇంటిపోరు సినిమా తీసినవాళ్ళకి ఇంట్లోనే పోరు 🙂

సెట్లో ఆ ఇద్దరూ తన్నుకున్నారట కదా, నిజమేనా?

పాతరీలు · ఆదివారం, ఉదయం 11:12

సుబ్బు గారూ, ఆ సెట్టు కథలు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. ఒకరు తలమీద తన్నారని, ఇంకొకరు నడుముకి బరువులు కట్టుకున్నారని. ప్రతి పుస్తకంలోనూ ఒకో రకంగా ఉంటుంది, 2017లో దాని మీద ఏకంగా ఒక టీవీ సిరీస్ కూడా వచ్చింది. నాకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు. రికార్డులో ఉన్నది మాత్రం చెప్తాను, అదే చాలు.

1963 ఏప్రిల్‌లో ఆస్కార్ వేడుక. ఉత్తమ నటి నామినేషన్ డేవిస్‌కి వచ్చింది, క్రాఫర్డ్‌కి రాలేదు. క్రాఫర్డ్ ఊరుకోలేదు. మిగతా పోటీదారులకి కబురు పెట్టి, "మీరు రాలేకపోతే మీ తరఫున నేను తీసుకుంటాను" అంది. 'ద మిరకిల్ వర్కర్'కి ఆన్ బ్యాంక్రాఫ్ట్ గెలిచింది. ఆమె న్యూయార్క్‌లో నాటకంలో ఉండిపోయింది. పేరు చదవగానే వేదిక పక్కన నిలబడి ఉన్న డేవిస్‌ని దాటుకుంటూ క్రాఫర్డ్ వెళ్ళి ఆ బొమ్మ చేత్తో పట్టుకుంది. నామినేషన్ కూడా లేని మనిషి! సినిమాకి వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ దుస్తులు రూపొందించిన నార్మా కోచ్‌కి. అంటే జేన్ వేసుకునే ఆ చిన్నపిల్లల గౌన్లకి.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. షూటింగ్ అయిపోయాక 1962 సెప్టెంబరులో డేవిస్ సినిమా పత్రికలో ఒక ప్రకటన వేసింది. ముగ్గురు పిల్లల తల్లి, విడాకులు తీసుకున్న మనిషి, ముప్ఫై ఏళ్ళ అనుభవం, హాలీవుడ్‌లో నిలకడైన పని కావాలి అని. సినిమాలో జేన్ కూడా మళ్ళీ స్టేజీ ఎక్కుతానని పత్రికాఫీసుకి వెళ్ళి పియానో వాయించేవాడు కావాలని ప్రకటన ఇస్తుంది. అది చూసి మనం నవ్వుతాం. అసలామె ప్రకటన తలుచుకుంటే నవ్వు రాదు.

నైట్‌షో నాగు · ఆదివారం, ఉదయం 11:30

ఆ పియానోవాడు ఎడ్విన్ అదుర్స్. బొద్దుగా, అమ్మకూచి, డబ్బు కోసం ముసలామెని పొగుడుతూ లోపల కడుపుబ్బా నవ్వుకునే రకం. ఆ నటుడు ఎవరు?

పాతరీలు · ఆదివారం, ఉదయం 11:34

విక్టర్ బ్యూనో. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

కొత్తచూపు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. నాకు ఈ సినిమా నచ్చలేదు. బాగా తీయలేదని కాదు. ముసలి ఆడవాళ్ళని చూసి భయపడండి, నవ్వండి అన్నట్టు ఉంది. ముడతలు, చెదిరిన జుట్టు, లిప్‌స్టిక్ కారిపోవడం, అదేనా హారర్? దీని తర్వాత హాలీవుడ్‌లో ఇదే మూసలో వరసగా సినిమాలు వచ్చాయి. ఒకప్పటి హీరోయిన్లని తీసుకొచ్చి చేతికి గొడ్డలో సుత్తో ఇచ్చారు. మగ హీరోలు అదే వయసులో ఇరవై ఏళ్ళ అమ్మాయితో డ్యూయెట్లు పాడుకుంటూనే ఉన్నారు. (ఇది మనకి కొత్తేం కాదులెండి.)

రెండోది, ఎల్వైరా. ఆ ఇంట్లో బుర్ర పనిచేసే ఒకే ఒక్క మనిషి ఆ నల్లజాతి పనావిడ. అభిమానుల ఉత్తరాలు జేన్ విప్పి పిచ్చిరాతలు రాస్తోందని బ్లాంచ్‌కి చెప్పేది ఆవిడే, జేన్‌కి ఎదురు నిలిచేది ఆవిడే, తాళం వేసిన గది తలుపు తీసేదీ ఆవిడే. వెనకనుంచి సుత్తితో కొట్టి చంపేస్తారు. మీరందరూ అక్కా చెల్లీ, పాపం ఎవరిది అని తూకాలు వేస్తున్నారు. ఎల్వైరా ఏ తప్పు చేసింది? ఆమెని ఎవరూ తూకంలో పెట్టలేదు.

సన్నజాజి · ఆదివారం, మధ్యాహ్నం 1:22

నిజమే. నా మొదటి పోస్టులో ఆమె పేరు కూడా రాయలేదు. సిగ్గుగా ఉంది.

పాతరీలు · ఆదివారం, మధ్యాహ్నం 2:10

కొత్తచూపు గారు చెప్పిన రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ పాత్ర వేసిన మేడీ నార్మన్ గొప్ప నటి, తర్వాత యూసీఎల్ఏ యూనివర్సిటీలో నల్లజాతి నాటకరంగం గురించి పాఠాలు చెప్పారు. ఇంటి బయటకు వెళ్ళి బస్సెక్కబోయి, మనసొప్పక వెనక్కి తిరిగి వస్తుంది చూడండి, ఆ నడకలోనే మొత్తం ఉంది.

మొదటి మాట మీద మాత్రం కొంచెం గొడవ పెట్టుకుంటాను. జేన్ ముసలిదవడం వల్ల భయం పుట్టలేదు. ముసలిదవ్వకపోవడం వల్ల పుట్టింది. అరవైకి దగ్గరవుతున్న మనిషి పదేళ్ళ పిల్ల గౌను వేసుకుని, అద్దం ముందు నిలబడి చిన్నప్పుడు స్టేజీ మీద పాడిన నాన్న పాట పాడుకుంటుంది, పాడుతూ అద్దంలో తన ముఖం చూసుకుని కేక పెట్టి ముఖం కప్పుకుంటుంది. ఆ కేక మనల్ని భయపెట్టడానికి కాదు, ఆవిడే జడుసుకుంది. మన దగ్గర కూడా టైటిల్స్‌లో బేబీ శ్రీదేవి, బేబీ షాలిని అని వేసేవారు గుర్తుందా? వాళ్ళు ఆ 'బేబీ'ని తీసి పక్కన పెట్టి పెద్దయ్యారు. జేన్ తీయలేకపోయింది. పేరుకి ముందున్న ఆ ఒక్క మాట ఆమె జీవితాన్ని తినేసింది.

మంగతాయారు · ఆదివారం, సాయంత్రం 4:40

పొద్దున్న ఒక్క ముక్క రాసి వెళ్ళాను, ఆదివారం పనులు. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను.

ఈ సినిమా నేను చాలా ఏళ్ళ కిందట చూశాను, తర్వాత మళ్ళీ చూసే ధైర్యం లేకపోయింది. కారణం వేరు. మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చి ఆరేళ్ళు మంచంలో ఉంది. ఆమెకి పిల్లల్లేరు. మా అమ్మే చూసింది. సినిమాలో బ్లాంచ్ దగ్గర ఒక బజర్ ఉంటుంది కదా, నొక్కితే కింద జేన్‌కి వినిపిస్తుంది. మా పెద్దమ్మ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. టంగ్ టంగ్ టంగ్. నీళ్ళకి, దుప్పటికి, ఫ్యాను తగ్గించడానికి, ఊరికే మనిషి కనబడటానికి. ఒకరోజు నేను వంటింట్లోకి వెళ్తే అమ్మ పొయ్యి దగ్గర ఊరికే నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. పక్క గదిలో గ్లాసు మోగుతూనే ఉంది. "వెళ్ళవా?" అంటే, "రెండు వందలు లెక్కపెట్టి వెళ్తా" అంది. చిన్నప్పుడు పెద్దమ్మకి పట్టు పరికిణీలు, అమ్మకి ఆమె విడిచినవి. ఆ సంగతి అమ్మ ఎప్పుడూ గొంతెత్తి అన్లేదు. కానీ ఆ రెండు వందల్లో అదీ ఉందని నాకు అనిపించింది.

కాబట్టి జేన్‌ని నేను రాక్షసి అనలేను. ఫోను పీకేసి పట్టుకుపోవడం, తిండి మాన్పించడం, ఇవన్నీ ఒక్క రోజులో రావు. రెండు వందలు లెక్కపెట్టేవాళ్ళు ఒకరోజు వెయ్యి దాకా లెక్కపెడతారు. మా అమ్మ అలా చేయలేదు. చెయ్యకపోవడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

అలాగని నాగు చెప్పినట్టు బ్లాంచ్‌ని విలన్ చేసేస్తే కూడా ఒప్పుకోను. ఆ మూత సంగతి చూడండి. మొదటిసారి మూత తీస్తే తను ముద్దుగా పెంచుకున్న పిట్ట. తర్వాతి భోజనం మామూలు భోజనమే, కానీ బ్లాంచ్‌కి మూత తీసే ధైర్యం లేదు. ఆకలి, ఎదురుగా పళ్ళెం, చెయ్యి చాపి వెనక్కి తీసుకుంటుంది. జేన్ వచ్చి మూత తీసి ఆమె ముందే తింటుంది! ఇక ఎలుక రోజున, ట్రే పెట్టి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నేలమాళిగలో ఎలుకలున్నాయి, తెలుసా?" అంటుంది. తాగిన మత్తులో చేసే పనా అది? ఆ చివరి మాట ఎంత జాలిగా ఉన్నా, ఆ మూత నేను మర్చిపోలేను.

సన్నజాజి · ఆదివారం, సాయంత్రం 5:02

ఆంటీ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నైట్‌షో నాగు · ఆదివారం, సాయంత్రం 5:15

సారీ ఆంటీ. పొద్దున నవ్వు బొమ్మ పెట్టాను.

మంగతాయారు · ఆదివారం, సాయంత్రం 5:31

అయ్యో, దానికేం. నాకూ నవ్వొచ్చింది.

ఎల్ఏ సుబ్బు · ఆదివారం, రాత్రి 9:20

ఒక డౌట్. ఇంగ్లీషులో సిస్టర్ అంటే సరిపోతుంది. తెలుగులో ఈ కథ చెప్పాలంటే ఎవరు అక్క, ఎవరు చెల్లి? నేను మా ఆవిడకి చెప్తూ రెండుసార్లు మార్చాను.

పాతరీలు · ఆదివారం, రాత్రి 9:48

సినిమా ఆ విషయం మీద నిలబడదు. కానీ నా మనసులో బ్లాంచే అక్క. ఎందుకంటే ఆ 1917 సీను. షో అయ్యాక వెనక గుమ్మం దగ్గర జేన్ ఐస్‌క్రీం కావాలని నేల మీద కాళ్ళు తన్ని గోల చేస్తుంది. "డబ్బు సంపాదించేది నేను" అన్నట్టు నాన్నతో మాట్లాడుతుంది. చుట్టూ జనం చూస్తుంటారు, నాన్న లొంగిపోతాడు. నీకూ కావాలా అంటే బ్లాంచ్ వద్దంటుంది, దానికీ తండ్రి చేత చీవాట్లే. అప్పుడు తల్లి బ్లాంచ్‌ని దగ్గరికి తీసుకుని ఏమంటుందో గుర్తుందా? ఎప్పుడో ఒకరోజు అందరూ నిన్నే చూసే రోజు వస్తుంది, అప్పుడు నువ్వు నాన్నతో, జేన్‌తో వీళ్ళు నీతో ఉన్నదానికంటే మంచిగా ఉండాలి, మర్చిపోకు అని. మన ఇళ్ళల్లో "సర్దుకుపోవే" అనేది పెద్దదానికే కదా చెప్తారు!

బ్లాంచ్ జవాబు: మర్చిపోను. పళ్ళు బిగించి రెండుసార్లు అంటుంది.

ఇక నాగు ప్రశ్నకి నా జవాబు ఇక్కడుంది. ఆ పిల్ల తల్లి మాట అక్షరాలా నిలబెట్టుకుంది. పెద్ద హీరోయిన్ అయ్యాక, తనతో ఒక్కో సినిమా తీసినప్పుడల్లా జేన్‌తోనూ ఒకటి తీయాలని స్టూడియో ఒప్పందంలో రాయించుకుంది. చూడ్డానికి ఎంత మంచితనం! కానీ నటన రాని మనిషిని ఏడాదికోసారి తెర మీద నిలబెట్టి ఊరందరి చేతా నవ్వించడం మంచితనమా? తల్లి మాట నిలబెట్టుకుంటూనే కసి తీర్చుకోవడానికి అంతకంటే చక్కని దారి లేదు. బ్లాంచ్‌కి కూడా తను చేస్తున్నది ఏదో తెలియకపోవచ్చు. పుణ్యం, పగ ఒకే గిన్నెలో కలిపేసింది.

కొత్తచూపు · ఆదివారం, రాత్రి 10:06

ఇది బాగుంది. నచ్చలేదు అన్నాను గానీ మళ్ళీ చూడాలనిపిస్తోంది, మీ వల్ల.

నైట్‌షో నాగు · ఆదివారం, రాత్రి 10:40

పాతరీలు గారూ, మీరు నా వైపు వచ్చేశారు కాబట్టి ఇప్పుడు నేను అటు వెళ్తా 😄 బ్లాంచ్ చివర్లో చెప్పింది అబద్ధం అయితే? తిండి లేక, చావు దగ్గరపడి, "పోనీలే, ఈ పిచ్చిదాని మనసులో బరువన్నా దిగుతుంది" అని తన నెత్తిన వేసుకుందేమో! సాక్షి ఎవరు? తాగి పడిపోయిన జేన్‌కి ఎలాగూ గుర్తులేదు.

సన్నజాజి · ఆదివారం, రాత్రి 10:52

అమ్మో. ఆ కోణం నాకు తట్టనే లేదు.

పాతరీలు · సోమవారం, ఉదయం 7:20

నాగూ, తెలివైన ఆలోచనే గానీ నిలబడదు. నువ్వే మళ్ళీ ఆ ప్రమాదం చూడు. గేర్ మార్చే చెయ్యి, పెడల్ మీద కాలు, గేటు తీస్తున్న ఆడమనిషి వీపు, కేక, పగిలిన బొమ్మ తల. ఎవరి ముఖమూ లేదు. జేన్ నడుపుతోంది అని దర్శకుడు ఎక్కడా చూపించలేదు. మనమే అనుకున్నాం. ఎందుకనుకున్నాం? అప్పటిదాకా చెడ్డపిల్ల జేనే కాబట్టి. పోలీసులు, పత్రికలు, జేన్ అందరూ చేసిన తప్పే మనమూ చేశాం. బ్లాంచ్ అబద్ధం చెప్తోందనుకుంటే ఆ ముఖాలు దాచిన శ్రమంతా వృథా.

ఇంకో ఆధారం ఉంది, నేను ఇది మూడోసారి చూసినప్పుడు గానీ పట్టుకోలేదు. ఆ రాత్రి ఎందుకంత కోపం వచ్చిందో బ్లాంచ్ చెప్తుంది. పార్టీలో జేన్ అందరి ముందూ ఆమెని అనుకరించి నవ్వించిందట. ఇప్పుడు సినిమా మధ్యభాగం గుర్తు తెచ్చుకో. జేన్ బ్రాందీ షాపుకి ఫోన్ చేసినప్పుడు బ్లాంచ్ గొంతుతో మాట్లాడుతుంది. మెట్ల మీద నుంచి కమ్మీ పట్టుకుని వేలాడుతూ దిగి బ్లాంచ్ ఎలాగో డాక్టరుకి ఫోన్ చేస్తే, జేన్ వచ్చి అదే గొంతుతో డాక్టర్ని రావద్దనేస్తుంది. (ఆ గొంతు క్రాఫర్డ్‌దే, డేవిస్ పెదవులు కదిపింది.) ఏ అనుకరణ చూసి ఒళ్ళు మండి కారు ఎక్కించబోయిందో, ముసలితనంలో అదే అనుకరణ ఆమెని గదిలో బంధించింది. చిన్నప్పటి నుంచి జేన్‌కి నిజంగా వచ్చిన విద్య అదొక్కటే.

నైట్‌షో నాగు · సోమవారం, ఉదయం 8:45

ఆఫీసుకి లేటవుతోంది గానీ ఇది చదివి బస్టాప్‌లో నిలబడిపోయాను. సరే. అబద్ధం థియరీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఎల్ఏ సుబ్బు · సోమవారం, ఉదయం 9:10

కానీ అప్పుడు "నువ్వు ఆ కుర్చీలోనే ఉన్నావు" డైలాగు ఇంకా ఘోరం కదా. ఈ కుర్చీలో లేకపోతే నన్ను నువ్విలా చేయలేవు అని బ్లాంచ్ అంటే, "కానీ ఉన్నావుగా బ్లాంచ్, కుర్చీలోనే ఉన్నావుగా!" అంటుంది జేన్. మొదటిసారి విన్నప్పుడు జేన్ పొగరు అనుకున్నాను. ఆ కుర్చీలో తనని తనే కూర్చోబెట్టుకుందని బ్లాంచ్‌కి తెలుసు. ఆ మాట ఆమె చెవికి ఎలా వినపడి ఉంటుందో.

నిర్వాహకుడు · సోమవారం, ఉదయం 11:00

అసలు విషయం బాగా నడుస్తోంది కాబట్టి జోక్యం చేసుకోవట్లేదు. పైరసీ లింకులు పెట్టిన రెండు పోస్టులు మాత్రం తీసేశాను. దయచేసి అడగొద్దు, పెట్టొద్దు.

కొత్తచూపు · సోమవారం, రాత్రి 11:35

మళ్ళీ చూశాను. నా మొదటి అభ్యంతరం సగం అలాగే ఉంది, ఎల్వైరా గురించి మొత్తం అలాగే ఉంది. కానీ ఒకటి గమనించాను. ఇంట్లో జరిగే సీన్లన్నీ చీకటి, నీడలు, మెట్ల కమ్మీల గీతలు. చివరి సీను మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ, జనం, రేడియోలు, బంతులాట. ఇంత వెలుగులో పది అడుగుల దూరంలో ఒక మనిషి చచ్చిపోతుంటే ఎవరూ చూడరు. ఇంటి చీకటి కంటే నాకు ఆ ఎండ భయం వేసింది. కెమెరామన్ ఎవరు?

పాతరీలు · మంగళవారం, ఉదయం 6:50

ఎర్నెస్ట్ హాలర్. 'గాన్ విత్ ద విండ్'కి ఆస్కార్ తీసుకున్నవాళ్ళలో ఒకరు. 'మిల్‌డ్రెడ్ పియర్స్'లో క్రాఫర్డ్‌ని, 'జెజెబెల్'లో డేవిస్‌ని అందంగా చూపించింది ఆయనే. ఆ ఇద్దరి ముఖాలనీ వయసులో ఉన్నప్పుడు వెలిగించిన మనిషే, ఇక్కడ దయ లేకుండా చూపించాడు.

సన్నజాజి · మంగళవారం, రాత్రి 8:15

అయితే చివర్లో బ్లాంచ్ బతికిందా, పోయిందా? పోలీసులు ఆమె వైపు పరుగెడతారు, అక్కడే సినిమా అయిపోతుంది.

నైట్‌షో నాగు · మంగళవారం, రాత్రి 8:20

పోయింది.

ఎల్ఏ సుబ్బు · మంగళవారం, రాత్రి 8:24

బతికింది అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది.

మంగతాయారు · బుధవారం, మధ్యాహ్నం 3:30

నిన్న రాత్రి ధైర్యం చేసి మళ్ళీ చూశాను. ఒక్కదాన్నే కాదు, అమ్మని కూడా కూర్చోబెట్టాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, మధ్యమధ్యలో నేనే చెప్తూ వచ్చాను. ఎలుక సీను ముందే చెప్పి కళ్ళు మూసుకోమన్నాను, మూసుకోలేదు. బజర్ మోగినప్పుడల్లా మాత్రం చీర కొంగు సర్దుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఒడ్డు సీనులో బ్లాంచ్ చెప్పిందంతా తెలుగులో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. జేన్ లేచి ఐస్‌క్రీం కొనడానికి వెళ్ళింది. పోలీసులు ఆపారు, జనం చుట్టూ మూగారు, ఆవిడ మళ్ళీ చిన్నపిల్లలా తిరుగుతూ ఆడటం మొదలెట్టింది. అప్పుడు అమ్మ అడిగింది, "చేతిలో ఎన్ని ఉన్నాయే?" అని.

నేను వెనక్కి తిప్పి చూశాను. రెండు.

"రెండోది దానికే" అంది అమ్మ. లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళింది.

నైట్‌షో నాగు · బుధవారం, రాత్రి 11:50

ఇప్పుడే నేనూ పెట్టి చూసుకున్నాను. చెయ్యికొకటి. రెండే.